ఇరవై మంది భోజనానికి

మాంద్యం ముదిరాక ఒంగోలు హోటళ్ళు వెలుతురుతో గాల్లో కట్టే నీడమనుషుల్ని అద్దెకు తెచ్చుకున్నాయి. ఖాళీ మెస్సులో ఎవరూ అడుగుపెట్టరని కోటమ్మ కూడా తన మెస్సులో ఇరవై మందిని పెట్టించింది. అచ్చం మనుషుల్లాగే బల్లల నిండా కూర్చుని తింటూ, నవ్వుతూ ఉంటారు.

మధ్యాహ్నం ఏ ఊరివాడో లారీ డ్రైవరు గుమ్మంలో ఆగాడు. కోటమ్మ గబగబా అరిటాకు కడిగింది.

"ఖాళీ లేదుగా అక్కా. ఇంకోచోట చూసుకుంటాలే."

"ఆగు తమ్ముడూ! వీళ్ళంతా ఉత్త బొమ్మలే!"

నీడల నవ్వుల్లో ఆ కేక వినబడలేదు. లారీ కదిలిపోయింది.

కడిగిన ఆకు పారేయలేక పప్పూ అన్నమూ తనకే వడ్డించుకుంది. వచ్చినవాళ్ళు తిని లేచాకే తను తినడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. ముద్ద కలిపి, చెయ్యి ఆపి చూసింది.

ఇరవై మందీ ఇంకా తింటూనే ఉన్నారు.