ఊ కొట్టకపోతే

మా దీవిలో నల్లవాళ్ల కథల పండగ రేపే. అందులో వేసే మా ఇంటి సినిమా కోసం నానమ్మ లూవీనియా ముందు మళ్లీ కెమెరా పెట్టాను.

"బానిసలకి అక్షరం ముక్క రాకూడదనేవాడు దొర. మా ముత్తాత వడ్లబుట్ట అడుగున పుస్తకం దాచి..." అని మళ్లీ ఆగిపోయింది.

"అబ్బా, ఆపకు నానమ్మా!"

"ఊ కొట్టవేమే?"

"నా గొంతు పడితే సినిమా పాడవుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"గోడకి చెప్పమంటావా కథ?"

కెమెరా ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. "ఊ కొట్టకపోతే ఏమవుతుంది?" అని అరిచాను.

నానమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆరోజు మీ తాతకి ఈ కథే చెబుతున్నా. మధ్యలో ఊ ఆగింది. నిద్రపోయాడనుకుని చివరిదాకా చెప్పా. లేపితే లేవలేదు."

కెమెరా నడుస్తూనే ఉంది.

"ఊ," అన్నాను గట్టిగా.