పెన్సిలు కొలత

“ఎడం కన్ను మూయండి. చెయ్యి మడవకుండా ముందుకు చాపండి. పెన్సిలు నిటారుగా పట్టుకోండి.”

హరిబాబు చెబుతూ బెంచీల మధ్య నడుస్తున్నాడు. బల్ల మీద ఇత్తడి చెంబు, పక్కన కొబ్బరిబొండం ఉన్నాయి. పలాస కాలేజీలో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలంతా పెన్సిళ్లు చాపి చెంబుకేసి గురి చూస్తున్నారు.

“చెంబు ఎత్తు ఎంతో పెన్సిలు మీద బొటనవేలితో పట్టుకోండి. బొండం అందులో ఎంతుందో చూడండి. బొమ్మలకి ఇదే ఓనమాలు.”

కుడివైపు గోడ వారగా కూర్చున్న నీలిమ చెయ్యి చాపి కన్ను మూసింది. క్షణంలో తెరిచేసింది. మళ్లీ మూసింది. మళ్లీ తెరిచింది.

“ఏమ్మా, ఏంటా దొంగచూపులు?”

“కన్ను మూసుకుని కొలవడమంటే ఎలా సార్?”

క్లాసంతా ఘొల్లుమంది. హరిబాబుకి చిర్రెత్తుకొచ్చింది. కొత్త మాస్టారు కదా అని ఆట పట్టిస్తోందనుకున్నాడు.

“అందరూ ఎలా కొలుస్తున్నారో అలాగే. కన్ను తెరిచావంటే బయటికి పంపించేస్తాను.”

నీలిమ చుట్టూ చూసింది. అందరూ కొలుస్తూనే ఉన్నారు. పెదవులు బిగించి, కన్ను గట్టిగా మూసి, వేలు ఎక్కడో అక్కడ పెట్టింది. ఆ రోజు ఆమె కాగితం మీద చెంబు పక్కకి ఒరిగిపోయింది. బొండం చెంబుని మించిపోయింది.

సాయంత్రం బస్టాండులో హేమలతని అడిగింది. “కన్ను మూసుకుని ఎలా కొలుత్తన్నావే నువ్వు?”

“ఎలా ఏటి? మూసి కొలిసేత్తన్నాను.”

“తెలుత్తందా?”

“బాగా తెలుత్తంది. తెరిత్తేనే తికమక.”

నీలిమ బస్సెక్కేసింది. సోంపేట బస్సులో దారిపొడుగునా ఎడం కన్ను మూసుకునే కూర్చుంది. పక్క సీటులో జీడిపిక్కల సంచీ ఒళ్లో పెట్టుకున్న బుచ్చమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

“కంట్లో నలకేటమ్మా?”

“కాదు పిన్నీ. బొమ్మలు గీయడం నేర్సుకుంటన్నాను.”

తర్వాతి క్లాసుకి ఇంటి దగ్గర గీసిన బొమ్మ తెమ్మన్నాడు హరిబాబు. నీలిమ తెచ్చింది కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తుపానుకి వాలిపోయిన కొబ్బరితోట. దగ్గరి మాను వెనక దూరపు మాను సగం దాక్కుంది. ఏ చెట్టు ఎంత వంగాలో అంతే వంగింది.

“ఎవరు గీశారిది?”

“నేనే సార్.”

“చెంబు గీయడం రానిదానివి తోట గీశావా?”

హేమలత ఏదో సాయం చేద్దామనుకుంది. “ఆళ్ల బావ సుమన్ కోటబొమ్మాళిలో సైనుబోర్డులు రాత్తాడు సార్. ఆళ్లింట్లో అందరికీ ఆ సెయ్యి ఉంది.”

హరిబాబుకి ఆ మాట చాలు.

అప్పట్నుంచీ అదే వరస. క్లాసులో గీసినవన్నీ వంకరటింకర. ఇంటి నుంచి తెచ్చినవి వంక పెట్టలేనివి. “మీ బావ ఈసారి బాగా గీశాడే” అని హరిబాబు అందరి ముందూ అనేవాడు. నీలిమ తల దించుకునేది.

“మా బావకి అచ్చరాలే వచ్చు సార్. సెట్టు గీయడం రాదు.”

ఎవరూ నమ్మలేదు. విశాఖలో డిజైను కోర్సులో చేరాలని పదో తరగతి నుంచీ ఆమె కోరిక. దరఖాస్తుతో పాటు ఈ బొమ్మలు పంపాలి. అవి ఆమె గీసినవేనని మాస్టారు సంతకం చెయ్యాలి. హరిబాబు చెయ్యనన్నాడు.

ఆఖరి క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయాక నీలిమ కదల్లేదు.

“ఇక్కడే, మీ ముందే గీత్తాను సార్. కొలతలు మాత్రం వద్దు. ఒక్కసారి ఊరికే గీయనివ్వండి.”

హరిబాబు గడియారం చూసుకున్నాడు. టెక్కలి బస్సుకి ఇంకా టైముంది. చెంబూ బొండం మళ్లీ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

నీలిమ రెండు కళ్లూ తెరుచుకునే గీసింది. పెన్సిలు ఎక్కడా తడబడలేదు. చెంబు మూతి కోలగా తిరిగి కలిసింది. బొండం కింద నీడ పడింది. తను కొన్నేళ్లు కష్టపడి పట్టుకున్న కొలతలు ఆ పిల్ల చేతికింద వాటంతటవే వచ్చేస్తున్నాయి. హరిబాబు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

“అవన్నీ నువ్వే గీశావా?”

“మొదట్నుంచీ అదే సెప్తన్నాను కదా సార్.”

“నాదే తప్పమ్మా. సంతకం ఇప్పుడే చేస్తాను.” ఒప్పుకున్నాడు గానీ అతనికి ఏమీ అంతు పట్టలేదు. “ఇంత బాగా గీసేదానివి, క్లాసులో అంత ఘోరంగా ఎందుకు గీశావు?”

“మీరు కన్ను మూసుకోమన్నారు కదా సార్. మీరంతా అలాగెలా గీత్తన్నారో నాకు అంతు సిక్కనేదు. ఇంటికాడ ఎంత సాదన సేసినా నాకు రానేదు.”

“నేను మూయమన్నది ఎడం కన్నొక్కటే కదమ్మా! కుడి కన్ను తెరిచే ఉంటుందిగా. దాంతో చూడాలి.”

మాస్టారు మళ్లీ ఎగతాళి చేస్తున్నాడేమోనని నీలిమ అతని మొహంలోకి చూసింది. అతను నవ్వడం లేదు.

“మీకు రెండు కళ్లూ కనిపిత్తాయేటి సార్?”