ఉప్పు గిన్నె

"అమ్మా, నువ్వు ఉప్పు గిన్నె ఇస్తావు, డాడీ తీసుకుంటారు. ఇద్దరి చేతులూ ఫ్రేమ్‌లో ఉండాలి," అంది హైమ.

స్కూల్లో ఫోటోగ్రఫీ క్లాస్‌కి రోజూ వాడే వస్తువుల ఫోటోలు తీసుకెళ్లాలి. ఫిల్మ్‌లో ఇంకొక్కటే మిగిలింది. తెల్లారితే తండ్రి కృష్ణమోహన్ వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోతాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ హైమ ఈ ఒక్క ఫోటోనే ప్లాన్ చేస్తోంది.

కృష్ణమోహన్ చెయ్యి చాచాడు. నాలుగు నెలలుగా అతనితో మాటల్లేని వసుమతి, గిన్నె తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"అలా కాదమ్మా! చేతికివ్వు, ప్లీజ్!"

"ఉప్పు చేతికివ్వకూడదే. పోట్లాటలొస్తాయి."

హైమ కెమెరా దించేసింది.

"మీరు డివోర్సే చేసుకుంటుంటే ఇంకా ఏం పోట్లాటలమ్మా? ఇంకేం మిగిలిందని?" అంటూ ఏడ్చేసింది.

వసుమతి మాత్రం గిన్నె ముట్టుకోలేదు.

కృష్ణమోహన్ చాలాసేపు ఆమె వంకే చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు తల్లీ, టేబుల్ మీదే ఉండనీ," అన్నాడు. "మళ్లీ పోట్లాటలొస్తే ఎలా?"