ఖాళీ ఫైలు

"పైవాళ్లు ఒకరిని తగ్గించమన్నారు. గజిబిజికి నువ్వే చెప్పమ్మా, నాకు నోరు రావడం లేదు," అంటూ మేనేజరు స్క్రీన్ శుభ్రమ్మ వైపు తిప్పారు.

పైథాన్ ప్రోగ్రాంలలో తప్పులు పట్టే చెకర్ వారం వారం ఇచ్చే రిపోర్టు అది. ఆమె ఫోల్డర్ ఎదురుగా ఎప్పటిలాగే 'తప్పులు: సున్నా' అని ఉంది. పక్క సీటు గజిబిజి ఫోల్డర్ ఎదురుగా చేంతాడంత తప్పుల జాబితా ఉంది. అతని బల్ల చూసి పెట్టిన పేరు అది. ఆమెను శుభ్రమ్మ అంటారు. బల్ల మీద ఖాళీ కప్పునీ, కంప్యూటర్‌లో ఖాళీ ఫైలునీ నిమిషం నిలవనివ్వదు మరి.

ఆమెకు ఒక్కటే అంతుపట్టలేదు. కస్టమర్లు ఫోన్ చేసి చీవాట్లు పెట్టేది ఆమె రాసిన భాగం ఆగిపోయిందనే. గజిబిజి రాసింది మాత్రం నిక్షేపంలా నడుస్తోంది. ఆ మాటే అంటే మేనేజరు కొట్టిపారేశారు. చెకర్‌కి నీ మీద ప్రేమా, అతని మీద పగా ఉంటాయా అన్నారు. అదీ నిజమేనని ఆమె సర్దిచెప్పుకుంది.

ఆమే వెళ్లి గజిబిజికి విషయం చెప్పింది. చూపిన తప్పులన్నీ ప్రతివారం దిద్దుతూనే ఉన్నానన్నాడు.

"పాపని ఈమధ్యే స్కూల్లో వేశాం అక్కా. ఇంకొన్నాళ్లు చూడమని సార్‌తో ఒక్క మాట చెప్పలేరా?"

ఆమె మనసు చివుక్కుమంది. "నా చేతుల్లో ఏముంది తమ్ముడూ. రిపోర్టే చెబుతోంది కదా," అంది.

అతను సంచి సర్దుకుంటుండగానే అతని ఫోల్డర్ ఆమె చేతికొచ్చింది. మొట్టమొదటే ఓ ఫైలు, లోపల ఒక్క అక్షరం లేదు. ఇదెందుకని అడిగింది.

"ఏమో అక్కా, ఫోల్డర్‌లో ప్రోగ్రాం ఉందని గుర్తుకి అదొకటి ఉండాలని కాలేజీలో చెప్పారు. పెట్టేశాను."

ఆమెకు నవ్వొచ్చింది. అలాంటివి తన ఫోల్డర్‌లోంచి ఏనాడో ఏరి పారేసింది. దీన్నీ తీసేసి ప్రోగ్రాం నడిపి చూసింది. ఏ తేడా లేకుండా నడిచింది. గజిబిజి అందరికీ చెప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చెకర్ మళ్లీ నడిపారు. గజిబిజి ఫోల్డర్‌కి కూడా 'తప్పులు: సున్నా'. మేనేజరు పొంగిపోయారు. ఒక్క పూటలో ఎంత బాగుచేసిందో చూడండంటూ నలుగురినీ పిలిచి మరీ చూపించారు. ఆమె మాత్రం ఆ సున్నానే మళ్లీ మళ్లీ చూసింది. తను ఒక్క వరుసైనా దిద్దలేదు. ఉన్న తప్పులన్నీ ఎటు పోయినట్టు?

అందరూ వెళ్లాక, ఇన్నేళ్లూ అవసరం పడని 'వివరాలు' బటన్ నొక్కింది. గజిబిజి ఫోల్డర్‌కి ఈ మధ్యాహ్నం నుంచీ, ఆమె ఫోల్డర్‌కి ఖాళీ ఫైళ్లు ఏరి పారేసిన నాటి నుంచీ, ఒకటే వరుస కనిపించింది.

చదివిన ఫైళ్లు: సున్నా.