మా ఇంటి వంతు

లక్ష్మీనరసమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన తడిగుడ్డ కప్పిన వంకాయల గంప ఉంది. రోజూ పొద్దున్నే ఆ గంపతో పాసింజరెక్కి ఆమదాలవలస వెళ్ళే మనిషి, ఈరోజు స్టేషన్ దాకా వెళ్ళి గంపతోనే తిరిగొచ్చింది. కోడలు గౌరి పసిబిడ్డకు నీళ్ళు పోసే హడావిడిలో ఎందుకని అడగలేదు.

వాకిలి తడక కిర్రుమంది. తలెత్తిన లక్ష్మీనరసమ్మ వేళ్ళ మధ్య పిక్క అలాగే ఉండిపోయింది.

వచ్చినావిడ తడక దగ్గరే నిలబడింది. అత్త ముక్కే, అత్త నుదురే. అత్త చెల్లెలు తాతమ్మ ఈవిడేనని గౌరికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అక్కచెల్లెళ్ళ తల్లి ఇదే ఇంట్లో పోయినప్పుడు కబురు ఆలస్యంగా పంపారని తాతమ్మ ఈ గడప తొక్కడం మానేసిందనీ, తొక్కనిదాన్ని నేనెందుకు పిలుస్తానని అత్త భీష్మించుకుందనీ ఊళ్ళో అందరికీ తెలుసు.

"నీకోసం రానేదు," అంది తాతమ్మ. "ఈరోజు మా ఇంటి వంతు."

లక్ష్మీనరసమ్మ ఏ వంతని అడగలేదు. అందుకని తాతమ్మ గౌరికి చెప్పుకొచ్చింది. వాళ్ళ ఊళ్ళో టిక్కెట్లు తెగడం లేదట. ఇలాగే ఉంటే ఇక పాసింజరు అక్కడ ఆపరట. ఊరంతా కూర్చుని, పొలానికి నీళ్ళు పెట్టుకున్నట్టే, వంతులు వేసుకున్నారు. వంతు వచ్చిన ఇంటి మనిషి టిక్కెట్టు కొని, బండెక్కి, ఈ స్టేషన్ దాకా వచ్చి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళాలి.

"ఆ బండి కూడా పోతే మా ఊరోళ్ళకి గెడ్డ నీళ్ళ వారన గట్టు మీద నడకే గతి. అందుకే వొచ్చాను. సాయంత్రం దాకా స్టేషన్లోనే కూకుందును గాని, తుఫానుకి రేకులెగిరిపోయి నీడ నేదు."

లక్ష్మీనరసమ్మ చెల్లెలి మొహం చూడలేదు. కాళ్ళు చూసింది.

"గౌరీ, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు తే. ఒక సెంబు సాలదు, రెండు తే."

ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇద్దరూ గౌరితోనే మాట్లాడారు.

"దప్పికవుతందేటో అడగమ్మీ."

"స్టేషన్లో కుళాయి దగ్గర తాగీసినానని మీ అత్తకి సెప్పు."

ఆ కుళాయికి నీళ్ళు రాక ఏడాది దాటింది. గౌరి ఆ మాట అనబోయింది.

"నువ్వెళ్ళి మజ్జిగ తే," అంది అత్త.

స్టేషన్లో తాగి వచ్చిన మనిషి చెంబెడు మజ్జిగ ఎత్తిన చెంబు దించకుండా తాగేసింది. గౌరి నవ్వాపుకుని లోపలికి పోయింది.

వంట ఎప్పుడూ గౌరిదే. ఈరోజు లక్ష్మీనరసమ్మ తానే పొయ్యి ముందు కూర్చుని వంకాయ పులుసు పెట్టింది. వంతు మీద వచ్చిన మనిషికి ఈ మర్యాదలెందుకని తాతమ్మ కోడలి ద్వారా కబురంపింది. స్టేషన్‌కి వచ్చిన మనిషి పస్తుంటే మా ఊరికి మాటొస్తుందని అత్త కబురంపింది. ఇద్దరి మధ్యా అంత దూరమేమీ లేదు. ఒకరు వంటింట్లో ఉన్నారు, ఒకరు గుమ్మంలో ఉన్నారు.

పులుసు రెండోసారి వేయించుకుంటూ తాతమ్మ అరుగు వైపు చూసింది.

"నవనవలాడుతున్నాయి వంకాయలు. ఈరోజు అమ్మకానికి పోనేదేటో మీ అత్తనడుగు."

లక్ష్మీనరసమ్మ గరిటెతో పులుసు కలిపింది.

"మనసవ్వనేదని సెప్పు."

తాతమ్మ తలొంచుకుని తినేసింది.

మధ్యాహ్నమంతా ఇద్దరూ చింతపండు ముందేసుకుని, మధ్యలో గౌరిని కూర్చోబెట్టుకుని, స్టేషన్ కబుర్లు చెప్పుకున్నారు. మాస్టరు కాపురమున్న పెంకుటిల్లు, ప్లాట్‌ఫాం చివర ఆయన పెంచిన బంతిమొక్కలు, వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద కొట్టే గంట. ఆ గంట వినే అమ్మ పొయ్యి రాజేసేదని ఒకరన్నారు. గంట వినపడకపోయినా బండి వస్తున్న సంగతి అమ్మకి కాళ్ళ కింద నేల చెప్పేదని ఇంకొకరన్నారు. అక్కడితో ఇద్దరూ ఆగిపోయారు. ఎవరి మాట ఎవరికి చేరవేయాలో గౌరికి తెలియలేదు. ఇద్దరూ మళ్ళీ పిక్కలు చేటలోకి ఏరసాగారు.

పొద్దు వాలింది. "బండేళయింది," అని తాతమ్మ లేచింది.

లక్ష్మీనరసమ్మ గంప మీది గుడ్డ తీసి, చెల్లెలి సంచి నిండా వంకాయలు నింపింది. పైన ఒక చింతపండు ముద్ద పెట్టింది. తాతమ్మ వద్దనలేదు. సంచి భుజానికి తగిలించుకుని, "మా వంతు మళ్ళీ ఎప్పుడొస్తాదో ఏటో," అని తడకతో అన్నట్టుగా అని, వీధి మలుపులో స్టేషన్ వైపు తిరిగింది.

ఆమె అటు వెళ్ళగానే ఇటునుంచి స్టేషన్లో టిక్కెట్లమ్మే తిరుమలరావు సైకిలు మీద వచ్చి, దిగకుండానే కాలు నేలకానించాడు.

"పిన్నీ, రేపు కూడా గంప కట్టకు. లైను పని ఇంకా అవనేదట. రేపూ ఈరోజులాగే. పొద్దుటి పాసింజరూ రాదు, సాయంత్రందీ రాదు."

సైకిలు వెళ్ళిపోయింది. గౌరి అత్త వైపు తిరిగింది.

"అత్తా, మరి చిన్నత్త ఏ బండికొచ్చినట్టు?"

లక్ష్మీనరసమ్మ చేట పక్కన పెట్టింది. గూట్లో టార్చిలైటు తీసుకుంది. చెప్పులేసుకుని, ఇల్లు దాటి, స్టేషన్ వైపు కాకుండా గెడ్డ గట్టు వైపు గబగబా నడిచింది.