నంద్యాల నుంచి సాయం

యంత్రాలు తమ రోగాలు తామే కుదుర్చుకోవడం మొదలయ్యాక, మనుషులు ఫోను చేసి సాయమడిగే కేంద్రాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. నంద్యాలలో మిగిలిన ఆఖరి కేంద్రంలో ముసలి జిలానీ ఒక్కడే కూర్చునేవాడు. ఏడాదిగా ఆయనకు ఒక్క ఫోనూ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. చేసింది కుళ్ళాయమ్మ; కదిరి దగ్గర నీటి పంపుల కేంద్రంలో ఆమె ఒక్కతే ఉద్యోగి.

"అన్నా, అప్‌డేట్ సగంలో ఆగిపోయింది, యంత్రం తనంతట తాను కుదుర్చుకోలేకపోతాంది. యంత్రాన్ని నడిపే కొత్త కెర్నెల్‌కు ఇంకో ప్యాకేజీ కావాలంట. అది ఎక్కాలంటే పాత కెర్నెల్ తీసేయమంటాంది. పంపులు నిల్చిపోయినాయి, మూడూళ్లకు నీళ్లు లేవు."

"పాతది మాత్రం తీయొద్దు తల్లీ. నేను చెప్పేది టైపు కొట్టు."

సగం ఎక్కిన ప్యాకేజీని తీయించి, సరిపోయేదాన్ని వెతికించి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. గంట తర్వాత పంపులు కదిలాయి. ఆ హోరు ఫోనులో జిలానీకీ వినిపించింది.

"ఇంకేమన్నా తప్పు చూపిస్తాందా?"

కుళ్ళాయమ్మ తడబడింది. నెల రోజుల్లో ఆమెతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

"ఇంకొకటేదో ఉన్నట్టుందన్నా."

ఆమె కంప్యూటర్ తెర మొదటి నుంచీ జిలానీ ముందూ కనిపిస్తోంది. అందులో ఏ తప్పూ లేదు.

"ఉంటాదమ్మా," అన్నాడాయన, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "నిదానంగా చూద్దాం. అన్నం తిన్నావా?"