సొరంగంలో నడక

చిలీలోని అటకామా ఎడారి కొండమీద నాలుగు టెలిస్కోపుల వెలుగును కింద సొరంగంలో ఒకటిగా కలిపితేనే దూరపు నక్షత్రం పక్కనున్న గ్రహం కనిపిస్తుంది. లోపల ఎవరు నడిచినా, ఆ అదురుకు వెలుగు చెదిరిపోతుంది.

ఆ రాత్రి గ్రహం కనబడబోతుండగా పైగదిలో కూర్చున్న శాస్త్రవేత్త యస్నా ముందున్న తెరమీద వెలుగు ఆగి ఆగి వణికింది, ఎవరో కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు.

"లోపలెవర్రా?"

"ఎవరూ లేరక్కా, తాళం నా దగ్గరే ఉంది," అన్నాడు ఆమె సహాయకుడు ఎలిసెయో.

అలా నడిచేవాడు అద్దాల మెకానిక్ రిగోబెర్తో ఒక్కడే. నిరుడు అద్దం సరిచేయడానికి లోపలికెళ్లి, ఒంట్లో బాగోలేదు, బయటికొస్తానని ఫోన్ చేశాడు. "గ్రహం దొరికింది, కాసేపు కదలకు," అంది యస్నా. అతను మళ్లీ కదల్లేదు.

"గ్రహం పోతోందక్కా!"

"పోనీరా." ఆమె సొరంగంలోకి మోగే ఫోనందుకుంది. "రిగో, వచ్చెయ్. తప్పు నాదే."

తెరమీద వణుకు ఆగింది. కాసేపటికి సొరంగంలోంచి పైకొచ్చే మెట్లమీద కాలు ఈడ్చిన చప్పుడయింది.